ఊరికి 15 లక్షలు ఉన్నాయి, దేనికి పెట్టాలి? ఖర్చు-లాభం లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి

దర్శి_పడమర
మాది దర్శి వైపు. సాగర్ కుడి కాలువ నీళ్ళు అందీ అందని చివరి ఊరు, 420 గడప. మా హైస్కూల్లో చదివి బయట స్థిరపడ్డవాళ్ళం కలిసి 15 లక్షలు పోగు చేశాం. దేనికి పెట్టాలో తేలడం లేదు. ఊళ్ళో మూడు మాటలు నడుస్తున్నాయి. ఫ్లోరైడ్ లేని నీళ్ళకు ఆర్.ఓ. ప్లాంటు అని కొందరు, వాగు మీద చప్టా తీసేసి కల్వర్టు అని కొందరు, చెరువు పూడిక తీసి తూము బాగుచెయ్యాలని రైతులు.

డబ్బులిచ్చినవాళ్ళలో సగం మంది "కాస్ట్ బెనిఫిట్ వేసి చూపించండి, అప్పుడే చెక్కు" అంటున్నారు. ఊళ్ళో పెద్దాయనేమో "తాగే నీళ్ళకు లెక్కలేంటి అబ్బాయ్" అని కోప్పడ్డాడు.

ప్లాంటుకు నేను వేసింది ఇది. ఇప్పుడు 250 ఇళ్ళవాళ్ళు రోజూ ఆటోలో వచ్చే 20 లీటర్ల క్యాను 15 రూపాయలకు కొంటున్నారు. మన ప్లాంటులో 5 రూపాయలకే ఇస్తే క్యానుకు 10 మిగులు. 250 × 10 × 365, ఏడాదికి 9,12,500. ప్లాంటు, షెడ్డు, బోరు కలిపి కొటేషన్ 9 లక్షలు. అంటే ఏడాది తిరిగేసరికి పెట్టుబడి వచ్చేసినట్టే. ఆదివారం మీటింగు. ఇది పెట్టేయనా?

ఒంగోలు_గిత్త
ఏడాదికే పెట్టుబడి తిరిగొస్తే ఆ ప్లాంటు నేనే పెట్టుకుంటా అన్నా, ఊరికెందుకు 😀

పెన్నా_ఒడ్డు
గిత్త సరదాగా అన్నా పాయింటు అదే. అంత లాభం ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు వచ్చి పెట్టేవాళ్ళు. నీ లెక్కలో నడిపే ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు తమ్ముడూ.

మా ఊరి సంగతి చెప్తా, నెల్లూరు దగ్గరే. ఒక కంపెనీ వాళ్ళు ప్లాంటు పెట్టి రిబ్బన్ కట్ చేసి పోయారు. రెండేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. మూడో ఏడు మెంబ్రేన్ (నీళ్ళు వడగట్టే పొర) పోయింది. కొత్తది ఎవరు కొనాలి? పంచాయతీ వాళ్ళు కంపెనీ అన్నారు, కంపెనీ వాళ్ళు పంచాయతీ అన్నారు. ఇప్పుడు ఆ షెడ్డులో మేకలు కడుతున్నారు. స్టీలు ట్యాంకు మీద దాతల పేర్లు మాత్రం ఇంకా మెరుస్తుండాయి.

రిటైర్డ్_ఏఈ
కల్వర్టు సంగతి ముందు తేల్చేస్తాను. వాగు వెడల్పు చెప్పలేదు గానీ 15 లక్షల్లో నికరమైన కల్వర్టు అవడం కష్టం. ఆ డబ్బుతో గొట్టాలు వేసి పైన కాంక్రీటు పోస్తారు. మొదటి వరదకే సర్కారు తుమ్మ కొమ్మలు వచ్చి గొట్టాలకు అడ్డం పడతాయి, నీళ్ళు పక్కన గట్టు తెగ్గొట్టుకుని పోతాయి. నా సర్వీసులో అలాంటివి చాలా చూశాను. పంచాయతీరాజ్ ఇంజినీర్లతో అంచనా వేయించి ప్రభుత్వానికి పెట్టండి. చందా డబ్బు అందులో పొయ్యొద్దు.

దర్శి_పడమర
వాగు దాదాపు 30 మీటర్లు ఉంటుంది ఏఈ గారూ. ఏడాదిలో పాతిక రోజులు దారి తెగుతుంది. చుట్టు తిరిగితే 11 కిలోమీటర్లు.

రిటైర్డ్_ఏఈ
అయితే అసలు కాదు.

లెక్కల_మాస్టారు
ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటి మాట. "ప్లాంటు రాకముందు, వచ్చాక" అని పోల్చకూడదు. "ప్లాంటు ఉంటే, లేకుంటే" అని పోల్చాలి. రేపు ఇంటింటికీ కుళాయి పథకం నీళ్ళు వచ్చేదుంటే, ప్లాంటు లేకున్నా కొంత మేలు జరిగేదే. అది ప్లాంటు ఖాతాలో రాసుకోకూడదు.

రెండోది, క్యానుకు 10 రూపాయల మిగులన్నావు. అది కొనేవాడి మిగులు, ఊరి మిగులు కాదు. ఆ ఆటో ఎవరిది?

దర్శి_పడమర
మా ఊరి కుర్రాళ్ళదే మాస్టారూ, ఇద్దరు అన్నదమ్ములు. 15లో డీజిలు, టౌన్లో నీళ్ళు కొన్న ఖర్చు, క్యాన్ల అరుగుదల పోను 6 రూపాయలు మిగులుతాయంటారు.

లెక్కల_మాస్టారు
చూశావా. ఆ 6 రూపాయలు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతున్నాయి, అంతే. 15లో ఆ 6 పోను డీజిలు లాంటి అసలు ఖర్చు 9, ఊరికి నిజంగా ఆదా అయ్యేది అదే. మన ప్లాంటు నడిపే ఖర్చు తర్వాత విడిగా తీద్దాం. మొత్తం మీద 250 × 9 × 365 = 8,21,250.

అసలు లాభాన్ని నువ్వు లెక్కలోకే తీసుకోలేదు. 420లో 250 ఇళ్ళు కొంటున్నాయన్నావు. తక్కిన 170 ఇళ్ళవాళ్ళు ఏం తాగుతున్నారు? బోరు నీళ్ళేగా. వాళ్ళలో 100 ఇళ్ళు 5 రూపాయలకు కొంటారనుకుందాం. 15 అయితే కొనలేదు, 5 అయితే కొంటారు. అంటే వాళ్ళ దృష్టిలో ఆ క్యాను విలువ 5కూ 15కూ మధ్యలో ఎక్కడో ఉంది. సగటున 10 వేద్దాం. 100 × 10 × 365 = 3,65,000. 1844లో ఫ్రాన్సులో డ్యుపుయి అనే ఇంజినీరు వంతెనల విషయంలో ఈ ఆలోచనే చేశాడు. జనం కట్టిన టోలు కాదు, ఎంతవరకు కట్టడానికి సిద్ధపడతారో అదీ వంతెన విలువ అన్నాడు.

రెండూ కలిపితే 11,86,250. ఇందులో నడిపే ఖర్చు తియ్యాలి. ఆపరేటరు జీతం, కరెంటు, ఫిల్టర్లు ఎంతవుతాయి?

దర్శి_పడమర
పక్క ఊళ్ళో కనుక్కున్నా. జీతం నెలకు 8,000, కరెంటు 5,000, ఫిల్టర్లు మెంబ్రేన్లు ఏడాదికి సగటున 60,000. మొత్తం ఏడాదికి 2,16,000.

లెక్కల_మాస్టారు
అయితే ఏడాదికి 9,70,250 మిగులు. ఇప్పటికీ బాగానే ఉంది.

డ్వాక్రా_అక్క
మాస్టారూ, మీ లెక్కలో మోసేవాళ్ళు లేరు. ఆటో గుమ్మం దగ్గరికొచ్చి క్యాను దించి పోతుంది. ప్లాంటు పెడితే మేమే వెళ్ళి తెచ్చుకోవాలి. 20 లీటర్లంటే 20 కిలోల బరువు. లైన్లో నిలబడి, నింపుకుని, చంకలో పెట్టుకుని రావడానికి ఎంత లేదన్నా పావుగంట. ఆ పావుగంటకు కూడా రేటు కట్టండి.

లెక్కల_మాస్టారు
అక్కా, చేతులెత్తి దండం. ఇది వదిలేసినందుకు నాకే బాధగా ఉంది.

కడతాను. 350 ఇళ్ళు, రోజుకు పావుగంట. రోజుకు 87.5 గంటలు, ఏడాదికి 31,937 గంటలు. గంటకు 30 రూపాయలే అనుకున్నా 9,58,125 రూపాయలు. మిగులు 9,70,250 కదా. అందులోంచి ఇది తీస్తే మిగిలేది 12,125.

ఒంగోలు_గిత్త
అమ్మో. 9 లక్షలు కాస్తా 12 వేలయ్యాయి.

కావలి_గాలి
ఇంటి పనికి కూడా కూలి కడితే ఎట్లా? ఆ పావుగంటలో ఆడవాళ్ళు సంపాదించేది ఏముంది? నలుగురూ కలిసి మాట్లాడుకుంటూ నీళ్ళకు పోతారు. ఇలా ప్రతిదానికీ రేటు కడితే ఏ పనీ మొదలుకాదు.

డ్వాక్రా_అక్క
కావలి గారూ, మిరపకాయల కోతల్లో ఉదయం ఒక గంట ఆలస్యంగా పోతే మేస్త్రీ కూలి కోస్తాడు. నీళ్ళ కోసం ఆగినందుకే అది. పనుల్లేని రోజుల్లో ఆ గంట అంత విలువ చెయ్యదు, ఒప్పుకుంటా. కోతల రోజుల్లో మాత్రం చేస్తుంది.

లెక్కల_మాస్టారు
అక్క చెప్పిందే సరి. పని దొరకని నెలల్లో గంట విలువ తగ్గుతుంది, కోతల్లో పెరుగుతుంది. అందుకే సగటున 30 వేశాను. సున్నా వెయ్యడం మాత్రం తప్పు. సున్నా వేస్తే ఆడవాళ్ళు మోసే ప్రతి పథకమూ కాగితం మీద లాభంగానే కనబడుతుంది.

ఏఎన్ఎం_చెల్లి
జబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే పోతుందనుకుంటారు చాలామంది. పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నేను తిరిగే ఊళ్ళో ఒక తొమ్మిదో తరగతి పిల్ల నవ్వితే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది, పళ్ళ మీద గోధుమరంగు చారలని. వాళ్ళ తాతకు మెడ పట్టేసింది, పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. ఎముకలకు పట్టిన ఆ జబ్బు నయం కాదు. దీనికి ఏ రేటు కడతారు?

ఇంకో మాట. క్యాను నీళ్ళు తాగడానికే వాడి, అన్నం పప్పు బోరు నీళ్ళతో వండితే ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతూనే ఉంటుంది. వంటకు కూడా సరిపడా నీళ్ళు లెక్కెయ్యండి.

దర్శి_పడమర
మా చిన్నాన్నదీ అదే పరిస్థితి. మా బోరు టెస్టులో 3.2 వచ్చింది.

లెక్కల_మాస్టారు
చెల్లి అడిగింది అసలైన ప్రశ్న. ఆ పిల్ల నవ్వుకు నేను రేటు కట్టలేను, కట్టను. ఇలాంటి చోట లెక్కను తిప్పి వెయ్యాలి. "మంచినీళ్ళు ఇవ్వాలా వద్దా" అన్నది అడక్కూడదు. ఇవ్వాలి, అంతే. మీ ఊరి పెద్దాయన మాట అక్కడ నూటికి నూరుపాళ్ళు నిజం. "ఇవ్వాలంటే ఏ దారిలో తక్కువ ఖర్చుతో, ఎక్కువ ఇళ్ళకు, ఎక్కువ ఏళ్ళు ఇవ్వగలం" అన్నది లెక్కతో తేలాలి.

పెన్నా_ఒడ్డు
వృథా నీళ్ళు కూడా రాయి తమ్ముడూ. ఆర్.ఓ.లోకి పోసిన నీళ్ళలో సగానికి పైనే బయటికి వదిలేస్తారు. ఆ వదిలే నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. మావాళ్ళు పక్కనున్న గుంటలోకి వదిలారు, గేదెలు అవే తాగేవి. దానికి ఒక దారి చూడకుండా మొదలెట్టొద్దు.

ఉదయగిరి_కోట
అందరూ ప్లాంటు మీదే పడ్డారు, చెరువు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మాది మెట్ట. చెరువు నిండిన ఏడు బోర్లలో నీళ్ళుంటాయి, ఎండిన ఏడు వలసలే. ప్లాంటు పదేళ్ళకు తుప్పు పడుతుంది. కంభం చెరువు విజయనగరం రోజుల్నుంచి ఇప్పటిదాకా నిలబడే ఉంది. మీ లెక్క అప్పుడు వేసుంటే దాన్ని కట్టేవాళ్ళా?

లెక్కల_మాస్టారు
మంచి దెబ్బ కొట్టావు కోటా. పదేళ్ళ తర్వాత వచ్చే రూపాయి ఈ రోజు రూపాయితో సమానం కాదు కదా, వడ్డీ లెక్కన తగ్గించాలి. అదే డిస్కౌంట్ రేటు. 10 శాతం వేస్తే 50 ఏళ్ళ తర్వాత వచ్చే 100 రూపాయల విలువ ఈ రోజు 85 పైసలు. అదే 4 శాతమైతే 14 రూపాయలు. అంటే రేటు ఎక్కువ వేసే కొద్దీ మనవల వాటా చెరిగిపోతుంది. అందుకే చెరువులు, అడవులు లాంటి వాటికి ఎక్కువ రేటు వెయ్యడం తగదని నా గట్టి అభిప్రాయం.

మన దేశంలో సాగునీటి ప్రాజెక్టులకు 1964లో గాడ్గిల్ కమిటీ చెప్పిన తర్వాత, ఆదాయం ఎంత వస్తుందన్నది వదిలేసి లాభం-ఖర్చు నిష్పత్తి, అంటే రూపాయి ఖర్చుకు ఎన్ని రూపాయల లాభమో చూడటం మొదలుపెట్టారు. మామూలు చోట్ల 1.5 ఉండాలి, కరువు ప్రాంతాల్లో 1 ఉన్నా చాలన్నది తర్వాత వచ్చిన పద్ధతి. అంటే మెట్టవాళ్ళ విషయంలో ఒక మెట్టు దిగొచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది.

ఉదయగిరి_కోట
ఆ మాట ముందే చెప్పుంటే ఇంత కోపంగా రాసేవాణ్ణి కాదు మాస్టారూ 🙏

సాగర్_ఆయకట్టు
చెరువు లెక్కలో ఒక మోసం జరుగుతుంది, జాగ్రత్త. మా దగ్గర ఒక రిపోర్టులో పంట పెరిగినందుకు లాభం రాశారు, పొలం ధర పెరిగినందుకు మళ్ళీ రాశారు. పంట పెరిగింది కాబట్టే పొలం ధర పెరిగింది. ఒకే లాభం రెండుసార్లు.

పూడిక మట్టికి మాత్రం విలువ ఉంది. రైతులే ట్రాక్టర్లు పెట్టి ఒండ్రుమట్టి తోలుకుపోతారు. తవ్వే జేసీబీ ఖర్చు ఒక్కటే ఊరిమీద పడుతుంది.

మాలపల్లి_నుంచి
ఒక ప్రశ్న. దర్శి_పడమర గారూ, ఆ చెరువు కింద భూములెవరివి?

దర్శి_పడమర
34 మంది రైతులవి. 110 ఎకరాలు.

మాలపల్లి_నుంచి
అందులో ఎస్సీ కాలనీవాళ్ళు ఎంతమంది?

దర్శి_పడమర
ఇద్దరు. ఒకటిన్నర ఎకరం.

మాలపల్లి_నుంచి
ప్లాంటు ఎక్కడ పెడుతున్నారు?

దర్శి_పడమర
రామాలయం పక్కన పంచాయతీ స్థలంలో. కాలనీ నుంచి ముప్పావు కిలోమీటరు ఉంటుంది.

మాలపల్లి_నుంచి
క్యాను కొనలేక బోరు నీళ్ళు తాగే 170 ఇళ్ళలో ఎక్కువ భాగం ఆ కాలనీలోనే ఉంటాయని నేను ఊరు చూడకుండానే చెప్పగలను. ఎవరికి జబ్బు ఎక్కువో వాళ్ళకు ప్లాంటు దూరం. మొత్తం లెక్కలో లాభం కనబడుతుంది, ఎవరికి లాభమో మాత్రం కనబడదు. మా నాన్న నీళ్ళ కావిడి మోశాడు, బావి దగ్గర ఎవరో చేదిపోసేదాకా నిలబడేవాడు. అందుకే అడుగుతున్నా.

దర్శి_పడమర
మీరన్నది నిజం. ఇప్పుడే లిస్టు తీసి చూశా. 170లో 131 ఇళ్ళు కాలనీవే. ఇది నాకు ముందే తట్టాల్సింది.

లెక్కల_మాస్టారు
1972లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ కోసం అమర్త్య సేన్, పార్థా దాస్‌గుప్తా, స్టీఫెన్ మార్గ్లిన్ ప్రాజెక్టుల అంచనాకు మార్గదర్శకాలు రాశారు. అందులో ఈ సంగతి ఉంది. ఉన్నవాడికి వచ్చే రూపాయినీ లేనివాడికి వచ్చే రూపాయినీ ఒకే తూకం వెయ్యనక్కర్లేదు, పేదవాడి రూపాయికి ఎక్కువ బరువు ఇవ్వొచ్చు. ఎంత బరువు అన్నది గణితం చెప్పదు, ఊరు కూర్చుని చెప్పాలి. అది కూడా వద్దనుకుంటే, కనీసం లాభాలను ఒకే మొత్తంగా కాకుండా కాలనీకి ఎంత, ఊరికి ఎంత, ఆయకట్టు రైతులకు ఎంత అని విడివిడిగా మూడు గళ్ళలో రాయండి. చూసినవాళ్ళకే తెలుస్తుంది.

రిటైర్డ్_ఏఈ
కాలనీలో రెండో పాయింటు పెట్టండి. ప్లాంటు నుంచి పైపు, అక్కడొక 2,000 లీటర్ల ట్యాంకు, నాలుగు కుళాయిలు. లక్షన్నరకు అవుతుంది.

లెక్కల_మాస్టారు
అలా చేస్తే మోసే టైము సగటున 5 నిమిషాలకు దిగుతుందనుకుందాం. దాని ఖర్చు 3,19,375. మిగులు ఏడాదికి 6,50,875. 10 శాతం డిస్కౌంట్ వేస్తే, ఏటా రూపాయి చొప్పున పదేళ్ళు వచ్చే దాని విలువ ఈ రోజు 6.14 రూపాయలు, కాబట్టి 6.14తో హెచ్చించాలి. సుమారు 40 లక్షలు. పెట్టుబడి 9 కాదు, 10.5 లక్షలు.

ఇదే ప్లాంటు పెన్నా_ఒడ్డు వాళ్ళ ఊళ్ళోలా మూడేళ్ళకే ఆగిపోతే? 16 లక్షలే. అప్పుడూ నష్టం లేదు. కానీ సగం మందే వాడి, మూడేళ్ళకు ఆగిపోతే 5.4 లక్షలు. పెట్టిన దాంట్లో సగం గల్లంతు. మీటింగులో ఈ మూడు అంకెలూ చూపించు. ఒక్క 40 లక్షలు చూపిస్తే అది అబద్ధం చెప్పినట్టే.

కలిగిరి_పిల్లోడు
లెక్కకు అందనివి కూడా ఉంటాయని గుర్తుపెట్టుకోండి. మా పక్కూరే దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు దానికి ఎవరైనా కాస్ట్ బెనిఫిట్ వేసుంటే ఏం రాసేవాళ్ళు? పలకలు ఇన్ని, లాంతర్లు ఇన్ని, సంతకం నేర్చినవాళ్ళు ఇంతమంది. రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడతారని ఏ గడిలోనూ రాసుండరు. రోశమ్మ గారు ముందు నిలబడ్డారు, 1992లో నెల్లూరు జిల్లా అంతా అంటుకుంది, 1993 అక్టోబరు కల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మా నాయనమ్మ ఆ బడికే పోయింది. చీపురు పట్టుకుని సారా కొట్టు ముందు కూర్చున్న సంగతి ఇప్పటికీ చెప్తుంది.

కావలి_గాలి
ఇది మాత్రం ఒప్పుకోవాలి. అక్కా, పొద్దున నేనన్నది తప్పే.

డ్వాక్రా_అక్క
పర్లేదు అన్నా. దర్శి తమ్ముడూ, ఒక పని చెయ్యి. మీటింగు వాయిదా వెయ్యి. ముందు ఊళ్ళో ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడుగు. కాగితం ఇవ్వొద్దు, చింతగింజలు ఇవ్వు. రోజుకు ఎన్నిసార్లు నీళ్ళకు పోతే అన్ని గింజలు పెట్టమను. క్యాను రేటు 5 అయితే కొంటారా, 3 అయితే కొంటారా అని కూడా గింజలతోనే అడుగు. సంఘం మీటింగుల్లో మేం ఇట్లానే చేస్తాం, నోరు విప్పనివాళ్ళు కూడా చెప్తారు.

దర్శి_పడమర
*(మూడు వారాల తర్వాత)*
ఊరికెళ్ళి నాలుగు రోజులుండి వచ్చా. అక్క చెప్పినట్టే చేశాం. కాలనీలో వేపచెట్టు కింద, ఊళ్ళో బడి వరండాలో. అరుగు మీద సున్నంతో గళ్ళు గీసి గింజలు పెట్టించాం. ఒక ముసలామె ఒక్కో గింజా పెడుతూ "ఇది మొగుడికి, ఇది గేదెకు, ఇది కోడలి పురుడికి" అని పేర్లు చెప్పింది.

తేలింది ఇది. ప్లాంటు రామాలయం దగ్గరే అయితే ఊళ్ళోవాళ్ళకు పోనురాను 9 నిమిషాలు, కాలనీవాళ్ళకు 26. మాస్టారు వేసిన పావుగంట సగటుకు దగ్గరే, కానీ బరువంతా కాలనీ మీదే. క్యాను 5 అయితే ఇప్పుడు కొననివాళ్ళలో 61 ఇళ్ళే వస్తామన్నాయి. 3 అయితే 118. అందుకని రేటు 3 పెట్టాం. పాత 250 ఇళ్ళు, కొత్త 118 కలిపితే ఏడాదికి 4,02,960 వస్తుంది. నడిపే ఖర్చు పోను సుమారు 1.87 లక్షలు మిగలాలి.

10.5 లక్షలు ప్లాంటుకు, కాలనీ పాయింటుకు. 1.5 లక్షలు మెంబ్రేన్ల కోసం బ్యాంకులో విడిగా వేశాం. డ్రా చెయ్యాలంటే మూడు సంతకాలు కావాలి, అందులో రెండు డ్వాక్రా సంఘాల లీడర్లవి, ఒకటి తప్పకుండా కాలనీ నుంచి. మిగతా 3 లక్షలు చెరువు తూముకు. పూడిక రైతులే తోలుకుంటామన్నారు. కల్వర్టుకు అర్జీ పెట్టాం.

ఆటో అన్నదమ్ముల్లో పెద్దోడు ప్లాంటు ఆపరేటరు. చిన్నోడు మోసుకోలేని ముసలివాళ్ళకు క్యానుకు 2 రూపాయలు అదనంగా తీసుకుని ఇంటికి చేరుస్తాడు. వాళ్ళ ఆదాయం మునుపటికంటే తగ్గుతుంది, ఆ మాట దాచలేదు. మీటింగులో మాస్టారు చెప్పిన మూడు అంకెలూ చూపించా. 5.4 లక్షల అంకె చూశాకే ఒకాయన మెంబ్రేన్ డిపాజిట్ గురించి అడిగాడు.

పెన్నా_ఒడ్డు
వృథా నీళ్ళు?

దర్శి_పడమర
బడి మరుగుదొడ్లకు పైపు వేశాం అన్నా. గుంటలోకి వదలడం లేదు.

మాలపల్లి_నుంచి
కాలనీ పాయింటు తాళం ఎవరి దగ్గర?

దర్శి_పడమర
కాలనీలోనే. చింతగింజలకు పేర్లు చెప్పిందే, ఆ ముసలామె కోడలి దగ్గర.

ఏఎన్ఎం_చెల్లి
ప్లాంటు మొదలైన వారానికి నీళ్ళు టెస్టు చేయించి ఆ అంకె ఇక్కడ పెట్టు అన్నా. రెండు పాయింట్ల దగ్గరా విడివిడిగా పట్టాలి. తర్వాత ఆర్నెల్లకోసారి.

దర్శి_పడమర
తప్పకుండా పెడతా చెల్లీ.